ముప్పై రాళ్ళు, రెండు వైపులా

రాతిపనిలో అందరూ ఆవిడని పొరలత్త అంటారు. రాయి కనిపిస్తే చాలు, ముందు దాని పక్కలు తడుముతుంది. ఏటి అడుగున అది ఏ వైపు పైకి పెట్టుకుని పడుకుందో వేలితోనే చెప్పేస్తుంది. మనుషులే గుర్తుండరు. సొంత తమ్ముణ్ణే ఓసారి "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది.

గ్రంథాలయం ముందుగోడ కట్టడానికి ముప్పై ఇసుకరాళ్ళు దిగాయి. వాటిని నిలబెట్టి కట్టమన్నాడు ఇంజనీరు.

"వెడల్పు వైపు వీధిలోకి ఉంటే అందంగా ఉంటుంది మేస్త్రమ్మా."

"పడుకోబెట్టే కడతాను."

"రాయి రాయే కదా. ఎలా పెడితే ఏంటి?"

"నిన్ను రోజంతా తలకిందులుగా నిలబెడితే ఏంటి బాబూ?"

సిమెంటు కలుపుతున్న తమ్ముడు నవ్వొచ్చి దగ్గాడు.

"ఇది నీళ్ళ అడుగున పుట్టింది," అందావిడ. "వరదకో పొర ఇసుక. దాని మీద ఇంకో పొర. మనుషులే లేనప్పటి మాట. పై బరువుకి కిందది అణిగింది, నీళ్ళలో సున్నం జిగురులా పట్టేసింది, రాయైంది. దుప్పట్ల దొంతర అనుకో. పడుకోబెడితే పై బరువు అదిమి పడుతుంది. నిలబెడితే సందుల్లో వాన దూరి ఒక్కో దుప్పటీ ఊడదీస్తుంది."

"ఏ పుస్తకంలో ఉందమ్మా?"

ఆవిడ పాత గేటు స్తంభం దగ్గరికి నడిచింది. గోరు పెట్టి లాగింది. కంచమంత పెచ్చు ఊడొచ్చింది. ఇంజనీరు చేతిలో పెడితే పిండై రాలింది.

"పాతికేళ్ళ కింద దీని రాళ్ళు నిలబెట్టి కట్టింది నేనే. అప్పటి ఇంజనీరు చెప్పాడు, తలూపాను. రాలిన ఇసుకంతా కాలవలో పడి మళ్ళీ ఏటికే పోతోంది. ఒకసారి తలూపాను, చాలు."

ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు. "సోమవారం వేరే మేస్త్రిని తెస్తాను. మీరిక రానక్కర్లేదు."

అది గురువారం. ఆవిడ ఇంటికి పోలేదు, ఉలి తీసింది. ఆదివారం సాయంత్రం దాకా టకటకమంటూనే ఉంది.

"తీసేశాక కూడా పనిచేసేదానివి నువ్వొక్కదానివే అక్కా," అన్నాడు తమ్ముడు.

"పని కాదురా. చదువు."

ఆవిడ బడికి వెళ్ళింది ఏడాదే. పలక మీద ఏం రాసినా టీచరమ్మ కింద ఒకే మాట రాసేది. ఆ ఒక్క మాటా ఆవిడకి ముత్యాల్లా వచ్చేసింది.

సోమవారం కొత్త మేస్త్రి మొదటి రాయి నిలబెట్టాడు. దాని మొహం మీద జానెడేసి అక్షరాలు: తప్పు. తిప్పి చూస్తే వెనకా అదే. రెండో రాయి, మూడో రాయి, ముప్పయ్యో రాయి, అన్నిటికీ రెండు వైపులా అదే మాట.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇంజనీరు, గోడ పక్కనే కూర్చున్న పొరలత్తతో.

"పడుకోబెడితే కనపడదు బాబూ. చెక్కిన అక్షరాల గాళ్ళలో సిమెంటుకి పట్టు కూడా. నిలబెడితే వీధంతా చదువుకుంటుంది. గ్రంథాలయమే కదా."

ఇంజనీరు కొత్త మేస్త్రి వైపు చూశాడు. ఆ మేస్త్రి పెచ్చులూడిన స్తంభం వైపు చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే రాయిని మెల్లగా పడుకోబెట్టాడు.

"ఇటేనా అత్తా, పై వైపు?"

పొరలత్త వంగి పక్కన వేలు రాసింది.

"కాదు. బోర్లించు."