తెడ్డు ఒకటి

నాటింగ్‌హామ్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లే రైల్లో ఆయన నా ఎదుటి సీట్లో కూర్చుని, టేబుల్ మీద అమెరికాలోని ఒక నది మ్యాపు పరిచారు. నేను ఫోన్లో మాట్లాడటం విని, "తెలుగమ్మాయివా?" అని పలకరించారు. రిటైరైన డాక్టరట.

"ఏప్రిల్లో అడవి టర్కీ కోళ్ల వేటకి ప్లానమ్మా. ఈ రెండు గట్లూ గవర్నమెంటు అడవే, లైసెన్సుంటే ఎవరైనా వేటాడచ్చు. నాలుగు రోజులు పడవలో దిగువకి పోతూ, ఇసుక మేటల మీద టెంటు వేసుకోవాలి. తెల్లారగానే పుంజు ఎక్కడ కూస్తుందో విని, అక్కడ ఒడ్డెక్కాలి."

"ఎన్నిసార్లు వెళ్లారంకుల్?"

"ఒక్కసారీ లేదు. అక్కడున్న నా క్లాస్‌మేటూ నేనూ పదిహేనేళ్లుగా అనుకుంటున్నాం. ఎప్పుడూ ఆసుపత్రిలో నా డ్యూటీ రోటాయే అడ్డమొచ్చేది. ఇప్పుడు నాకు రోటా లేదు. వాడేమో మొన్న జనవరిలో పోయాడు."

మ్యాపు పక్కన ఆయన రాసుకున్న సామాన్ల జాబితా ఉంది. అందులో అన్నీ రెండేసి ఉన్నాయి. ఆయన పెన్సిలు నా చేతికిచ్చారు.

"ఒక్కడికే సరిపోయేట్టు దిద్దిపెట్టమ్మా. నాకు చేతులు రావడం లేదు."

దిద్దాను. చిన్న టెంటు, లైఫ్ జాకెట్ ఒకటి, తెడ్డు ఒకటి. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

"పడవలో వెనక కూర్చుని తెడ్డు వేస్తానన్నది వాడేనమ్మా. ఇంక వెళ్లనులే," అని మ్యాపు మడిచేశారు.

నేను పెన్సిలు తిరిగిచ్చేశాను. బర్మింగ్‌హామ్‌లో ఆయన దిగి జనంలో కలిసిపోయారు. నేను అంత శుభ్రంగా దిద్ది ఉండకూడదనిపిస్తుంది, ఇప్పటికీ.