అడ్డా కాగితం

కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం కూర్చున్నాను. ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో అతను వచ్చి పక్కన కూర్చోగానే సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

"పెద్దమ్మా, చదువస్తదా? గీ కాగితం జర చూడు."

"ఎందుకు? నాతోని సంతకం పెట్టిస్తవా?"

"నీ సంతకం నాకెందుకు? పెట్టాల్సింది నేను. ఆటో అడ్డాకు మున్సిపాలిటీల పర్మిషన్ ఇప్పిస్తనని మా పక్కింటాయన ఇచ్చిండు."

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వేలు పెట్టి పైకి చదివితేనే అర్థమవుతుంది. అందులో ఆటో ఊసే లేదు. పక్కింట్లో క్యారమ్స్ క్లబ్బుకు మున్సిపాలిటీ లైసెన్సు ఇస్తే సంతకం పెట్టినవాడికి అభ్యంతరం లేదని ఉంది.

"గిసొంటి క్లబ్బులల్ల పేరుకే క్యారమ్స్. ఆడేది పేకాటనే," అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. "నా మొదటి ఆటో పేకాటలనే పోయింది. మల్ల గోడ పక్కకే అస్తదా?" అని, నన్ను అనుమానంగా చూశాడు. "నువ్వు సక్కగనే చదివినవా?"

"నమ్మకపోతే ఇంకొకరిని అడుగు."

అడిగాడు కూడా. నేను బస్సెక్కేసరికి ఒక కాలేజీ పిల్లను ఆపి చదివిస్తున్నాడు. తర్వాత ఆమెతో ఏదో రాయించి, నా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, గా పిల్ల సరిగ్గనే రాసిందా? జర చూడు."

వేలు పెట్టి చదివాను. 'అభ్యంతరం లేదు'లో 'లేదు' కొట్టేసి, పైన 'ఉంది' అని రాసి ఉంది.

"సరిగ్గనే ఉన్నది," అన్నాను.

అప్పుడు కాగితాన్ని బస్సుకు ఆనించి సంతకం పెట్టాడు.