గూడబాతుకు తడిచీర

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఎండాకాలాల్లో ఒకసారి కొల్లేరు బాగా ఎండిపోయింది. నీళ్ళుండాల్సిన చోట నెర్రెలు విచ్చిన బురద, దాని మీద మేస్తూ గేదెలు. అప్పట్లో మేం పెదపాడులో ఉండేవాళ్ళం. నేను ఏలూరులో ఒక స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా అత్తయ్యగారు మిషను స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నన్ను తప్ప ఎవరినీ నువ్వు అని ఎరగరు. పాలబ్బాయినీ అండీ అనేవారు, వాకిట్లో తులసాకు మేసే మేకనూ అండీ అనేవారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పెరట్లో రేకుల షెడ్డు మీద ధబ్బుమని చప్పుడైంది. కొబ్బరికాయ అనుకుని వెళ్ళి చూస్తే గూడబాతు, అదే పెలికాన్. రేకు మీంచి జారి, బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో పడి, ముక్కు కింద సంచి వేలాడేసుకుని రొప్పుతోంది. ఎండదెబ్బ తగిలిందని చూడగానే తెలిసింది.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?" అని అత్తయ్యగారు దాన్ని పరామర్శించారు.

అది నోరు తెరిచింది. ఆ నోట్లో మా వారి టిఫిను క్యారేజీ తేలిగ్గా పడుతుంది. మా వారికి కోడిపిల్లన్నా భయమే. ఆయన వంటింటి తలుపు గడియపెట్టుకుని లోపల్నించి సలహాలిచ్చారు. "మజ్జిగ పట్టండి! గొడుగు వెయ్యండి! కళ్ళలోకి చూడకండి!"

అయితే ఎవరెవరినో అడిగి ఆటపాక పక్షుల కేంద్రంలో వాచరు నంబరు సంపాదించింది కూడా ఆయనే. ఫోన్లో వాచరు ఒకటే చెప్పాడట: తడిగుడ్డ చుట్టి తీసుకొచ్చేయండి, మజ్జిగ మాత్రం పట్టకండి.

అత్తయ్యగారు ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర తడిపి తెచ్చారు.

"పాతచీర ఉందిగా అత్తయ్యగారూ?"

"ఆయన ఊరెళ్తుంటే పాతదేంటమ్మాయ్?"

ఆటోలో మా ఇద్దరి మధ్య గూడబాతును కూర్చోబెట్టి, ముక్కుతో సహా చీర చుట్టాం. మా వారు డ్రైవరు పక్కన కూర్చుని, మెడ పట్టేసినట్టు ముందుకే చూస్తున్నారు. దారిలో రైల్వే గేటు పడింది. పక్కనే మామిడిపళ్ళ గంపతో నిలబడ్డ ఒకావిడ మా ఆటోలోకి తొంగిచూసింది. తడిచీర, లోపల ఎగశ్వాస.

"అయ్యో, నొప్పులాండీ?"

"నొప్పులు కాదండీ, ఎండదెబ్బ," అన్నారు అత్తయ్యగారు. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు.

"ఎన్నో నెలండీ?"

"తెలీదండీ. ఈ ఏడు పుట్టిన పిల్లే అనుకుంటాను."

పళ్ళావిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఈ ఏడు పుట్టిందేంటండీ! ఇంట్లో సరిగ్గా చూస్తున్నారా అసలు?"

"నిన్నటిదాకా చెట్టు మీద ఉందండీ. ఇవాళే మా తొట్టిలో పడింది."

నాకు నవ్వాగక చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. అది చూసి నేను ఏడుస్తున్నాననుకుని, పళ్ళావిడ చీరలో ఉన్న ఆ పిచ్చితల్లిని ఓదార్చడానికి తల నిమరబోయింది. చీర జారింది. నోరు తెరుచుకుంది. ఆవిడ చెయ్యి మోచేతిదాకా సంచిలోకి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర లేచిన కేకకి ముందు మా వారు దూకారు, వెనకే డ్రైవరు. పళ్ళావిడ మాత్రం మెల్లిగా చెయ్యి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "గీతైనా పళ్ళేదండీ. తలగడ గలీబులో చెయ్యి పెట్టినట్టుంది," అంది. ఆ మాటతో జనం మూగారు. ఒకాయన తాగే నీళ్ళు చీర మీద పోశాడు, ఇంకొకాయన విసనకర్ర అందించాడు. రైలు వెళ్ళిపోయి గేటు లేచినా ఎవరూ కదల్లేదు.

ఆటపాకలో వాచరు దాన్ని నీడలో దించి చిన్నచేపలు పెట్టాడు. సాయంత్రానికి లేచి నిలబడి, మా ముగ్గురినీ ఓసారి చూసి, చెరువులో మిగిలిన నీళ్ళలోకి దిగిపోయింది. "చెప్పి వెళ్ళారమ్మాయ్," అని అత్తయ్యగారు సంతోషించారు.

అప్పుడు వాచరు దూరంగా నిలబెట్టిన ఇనప స్టాండ్లు చూపించాడు. గూళ్ళకి చెట్లు చాలక వేసినవి. "ఇదివరకు బాగానే ఉండేదండీ. ఇప్పుడు పిల్లలు ఎగరక ముందే ఎండలు ముదిరిపోతున్నాయి. ఇనుము కాలిపోతంటే పాపం కాలు మార్చి కాలు ఎత్తుకుంటున్నాయి. వానలు పడి నీళ్ళు నిండేలోగా వాటికి కొబ్బరితాడు చుడదామంటే మనుషుల్లేరండీ."

"మనుషులు లేకపోవడమేంటండీ?" అన్నారు అత్తయ్యగారు.

ఆ వారమే చర్చి స్త్రీల సమాజం మొత్తాన్ని తాడుచుట్టలతో సహా దింపారు. చెరువు అడుగు ఎండిపోయింది కాబట్టి స్టాండ్ల దాకా నడిచే వెళ్ళాం. పని మొదలవగానే అలవాటు కొద్దీ అందరూ కీర్తన ఎత్తుకున్నారు. వాచరు చేతులు జోడించాడు. "పాటలొద్దండీ, ఆ చివర ఇంకా గూళ్ళున్నాయి." ఇక మిగతా పనంతా పెదవులు మాత్రమే కదుపుతూ పాడారు. చివర చప్పుడు రాకుండా చప్పట్లు కూడా కొట్టారు. నిచ్చెనెక్కిన మా వారి పక్కన తెల్లకొంగ ఒకటి వచ్చి వాలింది. అది ఎగిరిపోయేదాకా ఆయన కళ్ళు మూసుకుని స్తంభాన్ని కావలించుకునే ఉన్నారు. కొంగ తీరిగ్గా ఈకలు సర్దుకుంది.

చలికాలంలో మళ్ళీ వెళ్ళి చూస్తే స్టాండ్ల నిండా గూడబాతులు. మేం చుట్టిన తాడు మాత్రం సగం లేదు. అత్తయ్యగారి మొహం చిన్నబోయింది. "మేం చుట్టింది వాళ్ళకి నచ్చలేదాండీ?"

"నచ్చిందండీ. పీక్కెళ్ళి గూళ్ళలో పరుచుకున్నాయి," అన్నాడు వాచరు.

తర్వాతి వేసవి అంతకన్నా మండింది. తాడు ఊడిపోయిన స్టాండ్ల మీద కొన్ని పిల్లలు దక్కలేదు. ఆ కబురు విన్నరోజు అత్తయ్యగారు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే ఏలూరు బయల్దేరారు, తాడు కొనడానికి. "చుట్టడానికి కొంత, పరుచుకోడానికి కొంత. రెండూ వేరువేరుగా ఇద్దామమ్మాయ్," అన్నారు.