కొండ రైలు, గోడ మధ్య బావి

మొన్న కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఒక పాత కొండ రైలు ఎక్కాను. ఇసుక దగ్గరి నుంచి కొండ మీది హోటల్ వరకు పట్టాలు, ఒకే ఇనుప తాడుకు రెండు చివర్లా రెండు చెక్క పెట్టెలు. ఒకటి దిగుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. మా అమ్మ పుట్టకముందు చేసిన బండి ఈ రోజుకీ కుదుపు లేకుండా నడుస్తోంది. అంత లెక్కగా చేసిన పనికి చేతులు జోడించాలనిపించింది.

"అమ్మమ్మా, పై కార్ కిందికి రాకపోతే?" అంది మనవరాలు.

"మనమూ కదలం. కుదురుగా కూర్చో," అన్నాను.

అన్నానో లేదో, మా గోడ మధ్య బావి గుర్తొచ్చింది. మన ఈడు వాళ్ళలో ఎందరికి గుర్తుంది? తడి కొబ్బరి తాడు వాసన, ఆముదం పెట్టని రోజు గిలక చేసే గోల! సగం బావి మా పెరట్లో, సగం పక్కింటి కామాక్షి పిన్ని పెరట్లో. గిలక మీదుగా ఒకే తాడు, రెండు చివర్లా చెరో చేద. అటు పిన్ని లాగితే మా నీళ్ళు పైకి వచ్చేవి, ఇటు అమ్మ లాగితే వాళ్ళవి.

ఒకసారి ఎండబెట్టిన మా అప్పడాలు వాళ్ళ ఆవు తినేసిందని అమ్మకీ పిన్నికీ మాటలు ఆగిపోయాయి. అయినా రోజూ నోరు విప్పకుండానే ఒకరి నీళ్ళు ఒకరు తోడేవారు. ఒక పొద్దున మా చేద మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది. అమ్మ చాలాసేపు చూసి, చివరికి పట్టుదల వదిలి పిలిచింది.

"కామాక్షీ, ఒంట్లో బాగాలేదటే?"

గోడ అవతలి నుంచి పిన్ని వెంటనే అంది: "నాకేం, రాయిలా ఉన్నాను అక్కయ్యా. నువ్వు పిలుస్తావో లేదో చూద్దామని నిలబడ్డాను."

అప్పటికే మా చేద పైకి లేస్తోంది.