లుహెండే బాబాయి దోనె వాలు

లుహెండే బాబాయికి ఈ ప్రపంచంలో ఏదీ సరైన వాలులో కనిపించదు. సగం నీళ్ళున్న సీసా ఒకటి చంకలో పెట్టుకుని తిరుగుతాడు. ఎక్కడ కూర్చోబోయినా ముందు దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, నీళ్ళు ఎటు జారాయో చూస్తాడు. టీకొట్టు బల్ల, చర్చి మెట్లు, కొత్త పెళ్ళికూతురి మంచం, దేన్నీ వదల్లేదు. ఒకసారి శవయాత్రనే ఆపించాడు.

"దింపండి, తలవైపు ఎత్తుగా ఉంది."

"ఆయనకేం ఇబ్బంది లేదులే బాబాయ్," అన్నాను.

"అడిగావా?"

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. బంగారం తవ్వుకునే ఈ గెయిటా గుట్టల్లో మా బతుకంతా వాలు మీదే ఉంది. గొయ్యిలోంచి తెచ్చిన రాయిని పిండిచేసి, గోనె పరిచిన చెక్క దోనెలో నీళ్ళతో వదులుతాం. వాలు చాలకపోతే ఇసుక పేరుకుని గోనెను మూసేస్తుంది. ఎక్కువైతే సన్నటి బంగారం గోనెలోకి దిగేలోపే నీళ్ళు ఎత్తుకుపోతాయి. గుట్ట మీద ప్రతి దోనెనూ బాబాయే సరిచేసిపెట్టాడు. ఆయన దోనె మాత్రం, తల కింద పెద్ద రాయితో, ఇంటికప్పులా ఏటవాలుగా ఉండేది.

అందులో సగం వాటా నాది. అంటే సగం దరిద్రం నాది. దొరికిన పుస్తకమల్లా చదివి ఈ బురదంటేనే అసహ్యం పుట్టింది నాకు. ఎప్పటికైనా మ్వాంజా పట్నం బస్సెక్కి పోవాలని ఆశ. ఆ దోనెతో బస్టాండు దాకా కూడా పోలేను.

దిగువన న్యాంజోబె పళ్ళెంతో మా బురద కడిగేది. దోనె దాటినది కిందివాళ్ళదని గుట్ట కట్టుబాటు. ఆమె భర్త గొయ్యి కూలి పోయాడు. గొయ్యి యజమాని శవపేటిక కొనిచ్చి, మర్నాడే కూలినదాని పక్కన ఇంకో గొయ్యి తవ్వించాడు. బాబాయి మాత్రం మొక్కజొన్నపిండి బస్తా మోసుకెళ్ళాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా పిండి కొట్టించుకుని తెల్లగా తిరిగొచ్చాడు.

"తీసుకుందా?"

"చూస్తున్నావుగా."

ఒకరోజు ఆయన సంతకు వెళ్ళగానే రాయి పీకేసి, ఆయన పాఠం ప్రకారమే వాలు సరిచేశాను. సాయంత్రానికి గోనె మెరిసింది. కింద న్యాంజోబె ఖాళీ పళ్ళెం బోర్లించి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

బాబాయి వచ్చి దోనె చూశాడు. సీసా కూడా తియ్యలేదు. రాయి వెతికి తెచ్చి మళ్ళీ దోనె తల కింద దూర్చాడు.

"బంగారం పోతుంది బాబాయ్."

"పోనీ. ఎక్కడికి పోతుందో చూడు."

చూశాను. ఆమె కూర్చునే చోటు.

"మరి నా సగం?"

"అదీ పోతుంది. పుస్తకంలోంచి తలెత్తవనే కదరా నిన్ను పెట్టుకుంది."

మర్నాడు న్యాంజోబె పళ్ళెం తిప్పి, లోపలికి చూసి, పైకి కేకేసింది. "లుహెండే అన్నా, ఊరందరికీ వాలు నేర్పుతావు, నీ దోనె సంగతి చూసుకోవేం?"

"నాకెక్కడొచ్చు తల్లీ," అన్నాడు బుద్ధిగా తల దించుకుని.

గుట్ట కింద మ్వాంజా బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇద్దరినీ తిట్టుకుంటూ దోనెలో నీళ్ళు పోశాను. కాస్త గట్టిగానే పోశాను.