కాదనే కాలేజీ

కెనడాలోని బ్రాంప్టన్‌లో యజ్ఞనారాయణ దగ్గర కారు నేర్చుకున్న ప్రతి తెలుగు విద్యార్థికీ లేన్ మారడం పద్యంలో వచ్చు. "అద్దమందున చూడు, ఆపైన సిగ్నలిడు, భుజము మీదుగ చూడు, పోవచ్చు పోవచ్చు..." అని చివరి అక్షరాన్ని నాటకంలో పాడినట్టు సాగదీయాలి. పాడకపోతే లేన్ మారనిచ్చేవాడు కాదు. సిగ్గుపడే పిల్లలు మూడు సిగ్నళ్లు దాటాక పాడేవాళ్లు. సిగ్గులేని పిల్లలు ఎక్కగానే అందుకునేవాళ్లు. మొత్తానికి అందరూ పాడారు.

ఈ పద్యాల పిచ్చి విజయవాడ నాటిది. అక్కడ ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు లెక్కలు చెప్పాడు. చేరిన రోజునే ఆయనకి మధ్యాహ్నం రెండు గంటల క్లాసు అంటగట్టారు. నూట ఇరవై మంది పిల్లలు, ఆరు ఫ్యాన్లు, వాటిలో నాలుగే తిరుగుతాయి. సాంబారన్నం తిని నిద్రకి ఒరిగే పిల్లల్ని లేపడానికి త్రికోణమితి సూత్రాలకి పద్యం వరస కట్టాడు. బల్ల మీద డస్టరుతో దరువు, సూత్రం చివర రాగం, మధ్యలో "ఏరా వెనక బెంచీ, లే!" అని కేక. ఆ క్లాసుకి పక్క సెక్షన్ పిల్లలు కిటికీల దగ్గర నిలబడేవారు.

2010లో కెనడాలో స్థిరపడేందుకు పీఆర్ వచ్చింది. ఆయన ఎమ్మెస్సీకి పాయింట్లిచ్చి మరీ పిలిచిన దేశం, వచ్చాక ఆ ఎమ్మెస్సీ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇలాంటి చోట రెండు కన్నీటి చుక్కలు రాల్చడం ఆనవాయితీ. యజ్ఞనారాయణ రాల్చలేదు కాబట్టి ఇక్కడా రాలవు. డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు తీసుకుని, కారు మీద పసుప్పచ్చ బోర్డు తగిలించాడు. "ఒకసారికి ఒక్కడే స్టూడెంటు. వాడు నిద్రపోయే వీల్లేదు. పైగా నా వైపు కూడా ఓ బ్రేకుంది. విజయవాడలో అదేదీ?" అనేవాడు.

2018 తర్వాత స్టడీ పర్మిట్ల మీద వచ్చిన పిల్లలతో బ్రాంప్టన్ బేస్‌మెంట్లన్నీ నిండిపోయాయి. గోడౌన్లలో పని దొరకాలంటే కారు రావాలి. కారు రావాలంటే యజ్ఞనారాయణ దగ్గరికి రావాలి. అలా స్టీరింగు పక్క సీట్లో కూర్చునే ఆయనకి ఊళ్లోని కాలేజీల గుట్టంతా తెలిసిపోయింది. ఒకటి పరుపుల దుకాణం పైన ఉంటుంది. ఒకటి వారానికి రెండు రోజులే నడుస్తుంది. కొందరు పిల్లలు తాము చదివే కోర్సు పేరు చెప్పడానికి ఫోన్ తీసి చూసుకునేవాళ్లు. దాన్ని ఎంచింది వాళ్లు కాదు, గుంటూరులో కన్సల్టెంటు. ఇవన్నీ విని విని ఆయన ఒక కొలబద్ద తయారు చేసుకున్నాడు. కాలేజీ గొప్పతనం అది చేర్చుకున్నవాళ్లని బట్టి కాదు, కాదన్నవాళ్లని బట్టి తెలుస్తుంది. ఏ కాలేజీ పేరు చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే. "ఎంతమందిని కాదంటుంది?"

2022 అక్టోబరులో ఒక ఆదివారం, ఆయన పెనం దగ్గర నిలబడి దోసెలు పోస్తుండగా, పన్నెండో గ్రేడు చదువుతున్న కూతురు వాసవి చెప్పింది.

"నాన్నా, కాలేజీలో మ్యూజికల్ థియేటర్ చేద్దామనుకుంటున్నా."

"అంటే?" అంది తల్లి కమలకుమారి. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటు.

"పాడటం, డాన్స్ చేయడం, యాక్ట్ చేయడం. మూడూ ఒకేసారి."

"మూడూ చేశాక ఉద్యోగం?"

"అదే ఉద్యోగం అమ్మా."

కమలకుమారి భర్త వైపు చూసింది. ఆయన బ్రేకు వేస్తాడని ఆవిడ నమ్మకం. ఆయన అట్లకాడ పట్టుకుని ఆలోచించాడు.

"ఎంట్రన్స్ ఉందా?"

"ఆడిషన్ ఉంటుంది."

"సీట్లెన్ని?"

"మన దగ్గరున్న పెద్ద కాలేజీలో నలభై."

"రాసేవాళ్లు?"

"రాయరు నాన్నా, పాడతారు. ఎనిమిది వందల మంది వస్తారంట."

"నలభైకి ఎనిమిది వందలా! కమలా, విన్నావా? ఇరవై మందిలో ఒక్కళ్లు!"

"విన్నా. మీ దోసె మాడుతోంది."

కూతురి కలని గౌరవించిన తండ్రి అని తర్వాత రోజుల్లో కొందరు ఆయన్ని మెచ్చుకున్నారు. అబద్ధం. ఆయన గౌరవించింది పోటీని. కూతురు డాక్టరవుతానన్నా, సర్కస్‌లో చేరతానన్నా, ఇరవైలో ఒక్కరికే సీటంటే చాలు, ఆయన ఒళ్లు పులకరించేది. ఎంసెట్ వాసన తగిలిన లెక్చరరు ఇక ఆగుతాడా? మర్నాడే ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ అంటించాడు. అయిదున్నరకి గొంతు, ఆరుంపావుకి డాన్సు, సాయంత్రం మోనోలాగ్, శనివారం గ్రాండ్ టెస్ట్.

గ్రాండ్ టెస్టుకి ఎగ్జామినర్లు ఆయన డ్రైవింగ్ స్టూడెంట్లే. ఖమ్మం నుంచి వచ్చిన రోహిత్, రాజమండ్రి నుంచి వచ్చిన రూప. ఇద్దరూ సప్లై చెయిన్ డిప్లొమా చదువుతున్నారు. సోఫాలో బిగుసుకు కూర్చుని, పకోడీల ప్లేటు మధ్యలో పెట్టుకుని, ఇరవైకి మార్కులు వేసేవాళ్లు.

"మస్తు పాడింది సార్. పందొమ్మిది," అన్నాడు రోహిత్.

"ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?"

రోహిత్ పకోడీ మింగాడు. "డిసిప్లిన్‌కి పెట్టుకున్న సార్."

"నాన్నా, this is crazy," అంది వాసవి.

"క్రేజీయే. మళ్లీ పాడు. యాభై ఎనిమిది సెకన్లు రావాలి. ఇందాక అరవై ఒకటి వచ్చింది."

ఆడిషన్లో పాటకి నిమిషమే ఇస్తారు. ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ పాటని యాభై ఎనిమిది సెకన్లకి చెక్కాడు. ఎక్కడ ఊపిరి, ఎక్కడ చెయ్యి, ఎక్కడ చిరునవ్వు, అన్నీ ఖాయం. జనవరి నాటికి వాసవి పన్నెండు గ్రాండ్ టెస్టులు రాసింది. పన్నెండింటిలోనూ ఒక్క కనురెప్ప తేడా లేదు.

జనవరిలో పెద్ద కాలేజీలో ఆడిషన్. వాసవి లోపలికెళ్లి యాభై ఎనిమిది సెకన్లు పాడింది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన, బాగుంది, ఇప్పుడదే పాటని ఊరు విడిచి వెళ్లిపోతున్న స్నేహితురాలికి చెబుతున్నట్టు పాడమన్నాడు. వాసవి పాడింది. మళ్లీ యాభై ఎనిమిది సెకన్లు. అదే ఊపిరి, అదే చెయ్యి, అదే చిరునవ్వు. ఆయన థాంక్యూ అన్నాడు. సాయంత్రం రెండో రౌండు లిస్టులో ఆమె పేరు లేదు.

కారెక్కగానే యజ్ఞనారాయణ అన్నాడు, "అలా అడుగుతారని ముందే చెప్పాలి కదా. సిలబస్‌లో లేనిది అడిగితే ఎలా?"

"There is no syllabus, నాన్నా."

ఆ మాట ఆయనకి ఎక్కలేదు. ఎక్కించింది రూప, నాలుగు రోజుల తర్వాత, రోడ్ టెస్టు ఫెయిలై. బ్రాంప్టన్ ఇన్‌స్ట్రక్టర్లందరికీ ఒక పద్ధతుంది. టెస్ట్ సెంటర్ నుంచి బయల్దేరి ఎక్కడ తిరుగుతారో, ఎక్కడ పార్కింగ్ చేయిస్తారో ఆ దారంతా కంఠతా పట్టిస్తారు. యజ్ఞనారాయణ కూడా రూపని ఆ దారిలో ముప్ఫైసార్లు తిప్పాడు. ఆ రోజు రోడ్డు తవ్వుతున్నారని ఎగ్జామినరు ఒక వీధి ముందే కుడివైపు తిప్పమంది. రూప నడిరోడ్డు మీద కారాపేసింది.

"ఎందుకాపావమ్మా?"

"ఆ వీధి మనం చెయ్యలేదు కదా సార్!"

"వీధి వీధే కదా! స్టాప్ సైన్ స్టాప్ సైనే కదా! కొత్త వీధిలో కుడి ఎడమవుతుందా?"

"మీరు తిప్పని వీధిలో నాకేం తెలుస్తుంది సార్?" అని ఆ పిల్ల ముక్కు చీదుకుంది.

యజ్ఞనారాయణకి యాభై ఎనిమిది సెకన్ల పాట గుర్తొచ్చింది. తర్వాత పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. తను ఫెయిలైనందుకే నవ్వుతున్నాడనుకుని రూప ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ పిల్లకి కాఫీ ఇప్పించి ఓదార్చి, ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీది టైమ్‌టేబుల్ పీకేశాడు.

ఇంకా రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి పక్క ఊరు మిసిసాగాలో ఆఫీసు బిల్డింగు నాలుగో అంతస్తులో ఉన్న ప్రైవేటు కాలేజీ. అప్లై చేసిన రెండో రోజే సీటిచ్చేశారు. ఆడిషన్ లేదు. వాళ్ల అడ్మిషన్స్ అతను ఫోన్ చేశాడు.

"మీ అమ్మాయిలో స్పార్క్ ఉంది సర్."

"పాట విన్నారా?"

"ఇంకా లేదు."

"మరి స్పార్క్ ఎక్కడ కనపడింది?"

"అప్లికేషన్‌లో సర్. అయితే మార్చి పదో తారీఖు, శుక్రవారం లోగా సీటు ఖాయం చేసుకోవాలి. తర్వాత ఉండదు."

రెండోది తూర్పున, మూడున్నర గంటల దూరంలో, నది ఒడ్డున చిన్న ఊళ్లో ఉన్న కాలేజీ. దాని ఆడిషన్ మార్చి పదకొండు, శనివారం.

గురువారం రాత్రి భోజనాల దగ్గర కమలకుమారి తేల్చేసింది. "శుక్రవారం ఈ సీటు వదులుకుని శనివారం దేనికోసం పరిగెత్తాలి? అక్కడా కాదంటే? ఈ ఏడాది పోయినట్టే కదా. మొన్న కాదన్నప్పుడు పిల్ల వారం రోజులు సరిగ్గా తినలేదు. దగ్గర్లో, బస్సులో వెళ్లొచ్చే చోట రమ్మంటున్నవాళ్లని వదిలి, కాదనేవాళ్ల దగ్గరికే తోలతారేంటండీ దాన్ని?"

ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. "నువ్వు చెప్పు వాసూ," అన్నాడు యజ్ఞనారాయణ.

వాసవి చారన్నం కలుపుతూ అంది.

"ఆ శనివారం వాళ్లు కూడా కాదంటారేమో. But they'll listen first. విని కాదంటారు అమ్మా. ఈ శుక్రవారం వాళ్లు నన్ను వినకుండానే అవునన్నారు."

కమలకుమారి ఇంకోసారి చారు పోసింది. అంటే ఒప్పుకున్నట్టే.

"ఒక కండిషన్," అంది వాసవి. "స్టాప్‌వాచ్ ఇంట్లోనే ఉంటుంది."

శనివారం ఒషావా ఊరు దాటి ట్రాఫిక్ పలచబడ్డాక వాసవి డ్రైవింగ్ తీసుకుంది. నేర్చుకుంటున్న పిల్లలు హైవే ఎక్కాలంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఈమెకి పుట్టినప్పటినుంచీ ఉన్నాడు. పది కిలోమీటర్లు పోయాక అంది, "నాన్నా, కాలు తియ్యి."

"ఏ కాలు?"

"బ్రేక్ మీదున్న కాలు. నాకు ఇక్కడ నా పెడల్ మీద తెలుస్తోంది."

ఆయన రెండు కాళ్లూ పైకి లాక్కుని సీట్లో బాసింపట్టు వేసుకున్నాడు. ఏ ఇన్‌స్ట్రక్టరూ చేయకూడని పని. కారు మాత్రం సాఫీగా సాగింది.

కాలేజీ కారిడార్‌లో తలుపు పల్చనిది. లోపల పియానో మొదలైంది, పాట వినపడింది, అయిపోయింది. తర్వాత ఒకావిడ గొంతు ఏదో చెప్పింది. మాటలు తెలియలేదు. ఆవిడ అడిగిందేమిటో వాసవి తర్వాత చెప్పింది: "మేం పొద్దున్నించీ వింటున్నాం. భోజనాలు కూడా అయ్యాయి. నిద్రొస్తోంది. అదే పాట, మమ్మల్ని నిద్రపోకుండా చెయ్యి."

కారిడార్‌లో ఉన్న యజ్ఞనారాయణకి ముందు వినపడింది బల్ల మీద దరువు. దడదడ, దడ. ఆ దరువు తనది. వాసవికి చిన్నప్పుడు వంటింట్లో గరిటెతో కొడుతూ ఎక్కాలు నేర్పిన దరువు, అంతకు ముందు డస్టరుతో కొట్టిన దరువు. దాని మీద ఆ ఇంగ్లీషు పాట పద్యం వరసలో లేచింది. ఒక్కో పాదం చివర అక్షరం నాటకంలోలాగా సాగి, వంకర్లు పోయి, పియానో వాయించేవాడు దాని వెనక పరిగెత్తాడు. అంతలో ఒక కేక.

"ఏరా వెనక బెంచీ, లే!"

లోపల కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత ఒకటే నవ్వులు. పరీక్ష గదిలో ఎగ్జామినర్లు నవ్వారంటే యజ్ఞనారాయణ లెక్కలో ఒకటే అర్థం, ఫెయిల్.

వాసవి మొహమంతా చెమటతో బయటికొచ్చింది.

"నవ్వారే?" అన్నాడు.

"నవ్వారు. ఒకాయన నిజంగా లేచి నిలబడ్డాడు. తర్వాత నన్ను పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. ఈ స్టైల్ ఎక్కడ నేర్చుకున్నావన్నారు."

"ఏం చెప్పావు?"

"విజయవాడ, after lunch అని."

ఆయన గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి ఆ పాటనే పద్యంలో పాడుకుంటూ వచ్చారు. ఒషావా వచ్చేసరికి ఇద్దరి గొంతులూ పోయాయి.

ఏప్రిల్ రెండోవారంలో సీటొచ్చింది. ఉత్తరాన్ని గట్టిగా చదివింది కమలకుమారే, రెండుసార్లు. ఆ వారమంతా క్లినిక్‌కి వచ్చిన ప్రతి పేషెంటుకీ చెప్పింది. నోరు తెరిచి పడుకున్నవాళ్లు మధ్యలో అడ్డు రారు కాబట్టి వివరంగానే చెప్పింది. గ్రాండ్ టెస్టుల ఎగ్జామినర్లకి పకోడీల పార్టీ జరిగింది. ఆ ఒక్క మార్కూ కలిపి ఇరవైకి ఇరవై చేస్తున్నట్టు రోహిత్ ప్రకటించాడు.

మర్నాడు రూపకి డ్రైవింగ్ క్లాసు. రెండో టెస్టు వారంలో ఉంది.

"సార్, వాసవి కాలేజీలో సీట్లెన్ని? ఎంతమందిని కాదన్నారు?" అని అడిగింది, ఆయన కొలబద్ద తెలిసిన పిల్ల కాబట్టి.

"అడగలేదమ్మా," అన్నాడు యజ్ఞనారాయణ. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది. "ఇదిగో, ఇక్కడ కుడివైపు తిప్పు."

"సార్, ఇది టెస్ట్ రూట్ కాదు."

"తెలుసు. పాడు, తిప్పు."

రూప అద్దం చూసింది, సిగ్నలిచ్చింది, భుజం మీదుగా చూసింది. చివరి అక్షరాన్ని సాగదీస్తూ, ఎన్నడూ చూడని వీధిలోకి కారు తిప్పింది.