అమ్మ రెండు చేతులు

మా అమ్మా చిన్నమ్మా కవలలు, అచ్చుగుద్దినట్టు ఒకటే పోలిక. పెళ్లిళ్లై అమ్మ రాజంపేట కిరాణా కొట్టుకీ, చిన్నమ్మ ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములోకీ వెళ్లాక కూడా చీరలు జతగానే కొంటారు, ఒకే రంగువి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కర్నూలులో ఎమ్మెస్సీ చదువుతూ ప్రాజెక్టుకు ఈ జంటనే పట్టుకున్నాను. కవలలకు జన్యువులు ఒకటే. కానీ ఏ జన్యువు పనిచేయాలో, ఏది నోరుమూసుకోవాలో చెప్పే రసాయన గుర్తులు బతుకును బట్టి మారతాయి. మరి యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లోనూ ఆ తేడా కనిపిస్తుందా? ఇద్దరూ మా ఊరి సత్రంలో పెట్టిన క్యాంపులో కామెర్ల టీకా మూడుసార్లూ కలిసే వేయించుకున్నారు. ఇంకేం కావాలి! నా డిగ్రీ అంతా దానిమీదే.

రాజంపేట ల్యాబులో ఇద్దరినీ రక్తం ఇమ్మని ఫోనులో చెప్పాను. రెండు గొట్టాలూ వచ్చాయి. గుర్తుల్లోనూ యాంటీబాడీల్లోనూ వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఎగిరి గంతేశాను. మా సారు మాత్రం కళ్లజోడు పైకి నెట్టి, "ఒకే మనిషి నెత్తురు రెండు గొట్టాల్లో పోయించినావా ఏమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మను అంటే ఊరుకుంటానా? ఆదివారమే బస్సెక్కాను.

రక్తమివ్వడానికి వచ్చిన చిన్నమ్మ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇద్దరూ ఒకే రంగు చీరల్లో కూర్చుని అలసందలు ఒలుస్తున్నారు. అమ్మ రెండు మోచేతుల మడతల్లోనూ నీలంగా కమిలింది. చిన్నమ్మ చేతుల మీద గీత కూడా లేదు.

"దానికి సూదంటే శానా భయం పాపా. నాకు రెండు చేతులుండాయి కదా," అంది అమ్మ, తలెత్తకుండా.

నెత్తీనోరూ కొట్టుకున్నాను. నా చదువు గంగలో కలిసిందని అరిచాను. చిన్నమ్మకు జాలేసి, అమ్మ చెయ్యి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మర్నాడు రక్తం ఇచ్చింది. కర్నూలులో పరీక్ష చేస్తే అందులో యాంటీబాడీల జాడే లేదు! ఆహా, సిమెంటు దుమ్ము మహిమ అని రాయబోయి, అనుమానమొచ్చి ఫోను చేశాను. సత్రంలో టీకా ఎవరు వేయించుకున్నారని అడిగాను.

"ఒకే చీర కదా, వాళ్లు కనుక్కోలా," అంది అమ్మ.

మూడు కాదు, ఆరు సూదులూ అమ్మే వేయించుకుంది. అమ్మ రెండు భుజాలకూ బళ్లో వేసిన మశూచి టీకా మచ్చలెందుకున్నాయో నాకు అప్పుడు తెలిసింది. చిన్నమ్మ భుజాలు నున్నగా ఉంటాయి. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ప్రాజెక్టుకు వేరే విషయం వెతుక్కున్నాను. చిన్నమ్మను మాత్రం దగ్గరుండి టీకాకు తీసుకెళ్లాను. ఆ రోజు అమ్మను వేరే రంగు చీర కట్టుకోమన్నాను. చిన్నమ్మ బయటికొచ్చేదాకా అమ్మ తన భుజం తడుముకుంటూ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.